వసుంధరమ్మ ఒక్కపొద్దు పరుగు

ఆ కుర్చీ ఇటు లాక్కొని నా పక్కకు రండి. ఫ్యాను చప్పుడులో అక్కడి దాకా నా మాట సగమే వినబడుతుంది. నేను చెప్పబోయే మనిషిని మీరెవరూ చూడలేదు. సగం వింటే ఆమె మీకు వట్టి మొండి మనిషిలా కనబడుతుంది, అది నాకు ఇష్టం లేదు. పూర్తిగా విన్న తర్వాత కూడా అలాగే కనబడితే మాత్రం నన్ను అనకండి, ఆమెనే అనుకోండి.

ఈ పొద్దున వాకిలి ఊడుస్తుంటే, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు మా ఇంటి ముందు నుంచి గుంపుగా ఉరుకుతూ పోయారు. వాళ్ళు దాటిపోయాక కూడా గాలిలో నొప్పుల మందు వాసన, చెమటతో కలిసి, ముక్కుకు ఘాటుగా తగులుతూనే ఉంది. అందరి వెనకా ఒక ఆడపిల్ల ఒక కాలు ఈడుస్తూ ఉరుకుతోంది. "ఏమైంది బిడ్డా" అని అడిగితే, "ఏం గాలే అవ్వా" అని నవ్వింది. కాలు ఈడుస్తూనే పోయింది. ఇంకేముంది, ఆ వాసన, ఆ మాట కలిసి నన్ను పట్టుకుపోయి అబుదాబిలో పడేశాయి. వసుంధరమ్మ మీద ఎప్పుడో చల్లారిందనుకున్న విసుగంతా మళ్ళీ లేచింది. చీపురు పక్కన పెట్టి కాసేపు అరుగు మీద కూర్చున్నాను.

మా ఊరివాళ్ళకు అక్కడ ఏ ఊరైనా దుబాయే, కాబట్టి నేనూ దుబాయ్ పోయినట్టే లెక్క. మా ఆయన అక్కడ ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలో, ఇనుప ఫ్యాక్టరీలో వెల్డింగు పనికి కుదిరాడు. పనివాళ్ళను ఉంచే క్యాంపులో ఆడవాళ్ళను ఉండనివ్వరు. అందుకని ముసఫాలో ఒక తెలుగు ఇంట్లో నేను వంటకు కుదిరాను. వరంగల్లు వైపు వాళ్ళు. సారు పేరు ప్రభాకర్, కట్టడాల కంపెనీలో ఇంజనీరు. ఆమె వసుంధర, వేరే కంపెనీలో జీతాల లెక్కలు చూసేది. పిల్లలు హైదరాబాదులో హాస్టల్లో ఉండేవారు. ఆమె నాకంటే వయసులో చిన్నదే, అయినా నేను అమ్మా అనేదాన్ని. ఆమె నన్ను రాజవ్వా అని పేరు పెట్టి పిలిచేది గానీ, నా చేతికి చాయ్ గిలాస ఇవ్వకుండా తన గిలాస ముట్టేది కాదు.

చేరిన కొత్తలో నాకు పన్ను నొప్పి పట్టింది. దవడ బన్నురొట్టెలా ఉబ్బింది. కొంగు అడ్డం పెట్టుకొని చపాతీలు చేస్తుంటే ఆమె వంటింట్లోకి వచ్చింది.

"ఏమైంది రాజవ్వా, ముఖం ఎందుకట్ల దాస్తున్నవ్?"

"నాకేం గాలేదమ్మా."

ఆమె పొయ్యి ఆర్పేసింది. పెనం మీద చపాతీ సగం కాలి అలాగే ఉంది. "ఇంకోపాలి నా ముంగట నాకేం గాలేదంటే, నీ నోట్లె ఉన్న పండ్లన్ని నేనే పీకుత. పా, కారెక్కు."

దవాఖానకు తీసుకుపోయింది. పోనీ, తీసుకుపోయిన మనిషి డాక్టరుకు చెప్పాలి కదా. చెప్పలేదు. కుర్చీలో కాలు మీద కాలేసుకొని కూర్చుంది. "నోరు నీది, నొప్పి నీది. నీకొచ్చిన హిందీలనే చెప్పు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. డాక్టరు చూస్తున్నాడు, ఈమె గోళ్ళు చూసుకుంటోంది. ఆఖరికి ఏడుపు మొహంతో, వచ్చీరాని హిందీలో, "సాబ్, ఇదర్ బహుత్ దర్ద్, నీంద్ నహీ" అన్నాను, ఇక్కడ చాలా నొప్పి, నిద్ర లేదని. అంత పొడుగు మాట నా నొప్పి గురించి నేను చెప్పుకోవడం నా బతుకులో అదే మొదలు. మా అమ్మగారింట్లో గానీ అత్తగారింట్లో గానీ, ఆడది నొప్పి అంటే పని తప్పించుకోవడానికే అనుకునేవాళ్ళు. ఆ రోజు డాక్టరు నా మాట శ్రద్ధగా విని రాసుకున్నాడు. బయటికి వచ్చాక వసుంధరమ్మ, "చూసినవా, నోరు తెరిస్తే ఇల్లు కూలలేదు" అంది.

ఇంత చెప్పిన మనిషి తన సంగతి వచ్చేసరికి ఏం చేసేదో వినండి. నేను చేరక ముందే ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయింది. కడుపులో నొప్పిని నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు. సారు అడిగినప్పుడల్లా "నాకేం గాలే" అనేదట. ఒకరోజు ఆఫీసు లిఫ్టులో కుప్పకూలింది. సారుకు ఫోన్ పోయేటప్పటికి ఆమె దవాఖానలో ఆపరేషన్ బల్ల మీద ఉంది. ఆ ఫోన్ గురించి సారు ఎప్పుడు మాట్లాడినా ఆయన గొంతు మారిపోయేది. ఆయన కోపిష్టి కాదు. భయస్థుడు అయ్యాడు.

ప్రాణంతో బయటపడ్డందుకు ఆమె అమ్మవారికి మొక్కుకుంది, శుక్రవారం శుక్రవారం ఒక్కపొద్దు ఉంటానని. పగలంతా పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదు. సాయంత్రం దీపం పెట్టి, అప్పుడు ఒక్క పూట తింటుంది. డాక్టరేమో నడవమన్నాడు. నడక మొదలుపెట్టింది. నడక కొన్నాళ్ళకు పరుగైంది. తెల్లవారకముందే లేచి, నన్ను కూడా లేపి, తన పాత బూట్లు నా కాళ్ళకు తొడిగించి బయటికి లాక్కుపోయేది. నేను పంజాబీ డ్రెస్సులో రొప్పుతూ నాలుగు అంగలు వేసి ఏదో ఒక బెంచీ మీద చతికిలబడేదాన్ని. ఆమె పార్కు చుట్టూ తిరిగి తిరిగి వచ్చేది, ముఖమంతా వెలుగుతో.

"ఏం సుఖమమ్మా ఇది, కుక్క తరుముతున్నట్టు" అని ఒకసారి అడిగాను.

"ఇంట్ల నేను పెండ్లాన్ని. ఆఫీసుల జీతాల మేడమ్‌ని. ఫోన్‌ల పిల్లల అమ్మని. ఉరికేటప్పుడు మాత్రం ఎవ్వర్ని గాను రాజవ్వా. రెండు కాళ్ళను, అంతే. నాకు గదొక్క గంట సాలు."

సారు ఆ గంటను కాదనలేదు. కానీ ఒక షరతు పెట్టాడు. నేను చాయ్ ఇస్తూ విన్నాను. "వసూ, ఒక్కసారి కండ్లు తిరిగి పడ్డవని నాకు ఫోన్ వచ్చిందనుకో, ఆ దినంతోని పరుగు బంద్. మళ్ళ నన్ను అడగొద్దు." ఆమె "సరే" అంది. అప్పటి నుంచి ఆమెకు తుమ్ము వచ్చినా స్నానాల గదిలోకి పోయి నల్లా విప్పి తుమ్మేది. నాకు నవ్వు వచ్చేది, కోపమూ వచ్చేది.

అలా ఉండగా కార్నిష్ రోడ్డు మీద, సముద్రం పక్కన, హాఫ్ మారథాన్ అని పెద్ద పరుగు పందెం పెట్టారు. ఇరవై ఒక్క కిలోమీటర్లు. మా ఊరి నుంచి మండలానికి పోయి రావడమంత దూరం. ఈమె పేరు ఇచ్చింది. ఇచ్చి ఊరుకుందా, బిల్డింగులో లిఫ్టు ఎక్కినవాళ్ళందరికీ చెప్పింది. కింద కిరాణా కొట్టు మలయాళీ కూడా నాకు ఉల్లిగడ్డలు తూస్తూ "మేడమ్ తయారా" అని అడిగేవాడు.

అప్పట్లో అక్కడ సెలవు శుక్రవారం కదా. పందెం కూడా శుక్రవారమే పెట్టారు. ఈ సంగతి నాకు తట్టేసరికి రెండు రోజులే మిగిలాయి. "అమ్మా, ఆ రోజు ఒక్కపొద్దు కదా" అన్నాను. "అయితే ఏంది, ఒక్కపొద్దుల ఇంట్ల కూసోని ఆఫీసు లెక్కలు చూస్తలేనా" అంది. లెక్కలు కుర్చీలో కూర్చొని చూస్తారు తల్లీ, కుర్చీని మోసుకొని ఉరకరు అన్నాను. వినలేదు. సారు అడిగితే "ఆ పొద్దుటికి ఏదో ఒకటి తింట తియ్" అని మాట తప్పించింది. ఆయన నమ్మాడు.

ఇది చాలదన్నట్టు బుధవారం సాయంత్రం ఆమెకు జ్వరం పట్టుకుంది. బట్టలు మడతపెట్టి ఇస్తూ చెయ్యి తగిలితే కాలిపోతోంది. నేను నోరు తెరవబోయాను. ఆమె నా కొంగు పట్టి వంటింట్లోకి లాగింది.

"నాకేం గాలే. గొంతుల జరంత గరగర, అంతే. సారుకు చెప్పకు."

"పండ్లు పీకుతానన్నది ఎవరమ్మా?"

"పరిహాసాలు ఆడకు రాజవ్వా. ఇయ్యాల జ్వరమని తెలిస్తే రేపు పందెం బంద్ అంటడు. ఎల్లుండి పార్కు బంద్ అంటడు. ఇగ నా గంట ఖలాస్."

నాకు ఎంత ఒళ్ళు మండిందో మీకు ఎలా చెప్పను. పైగా శుక్రవారం నాకూ సెలవే. వారానికి ఒక్కనాడు మా ఆయన బనియాస్ దాకా వస్తే, అక్కడి చాయ్ హోటల్లో కూర్చొని ఊరి సంగతులు మాట్లాడుకునేవాళ్ళం. ఆ వారం ఆయనకు ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. "ఎందుకే" అంటే "ఒకామె జ్వరంతోని, ఖాళీ కడుపుతోని ఇరవై కిలోమీటర్లు ఉరుకుతదట, చూడబోతున్న" అన్నాను. ఆయన "ఆమె కఫీల్ ఎవరే, గంత కష్టం పెడుతున్నడు" అన్నాడు. కఫీల్ అంటే అక్కడ మనల్ని పనికి పెట్టుకున్న యజమాని. ఎవరూ పెట్టడం లేదు, ఆమెకు ఆమే కఫీల్, ఆమెకు ఆమే కూలి అన్నాను.

శుక్రవారం చీకటితోనే లేచి నేను ఒక ఉపాయం చేశాను. తలస్నానం చేసి, దేవుడి అలమారలో దీపం పెట్టి, పెరుగన్నం కలిపి ఆమె ముందు పెట్టాను.

"అమ్మా, ఒక్కపొద్దంటే ఒక్క పూట తినుడే గదా. ఏ పూటన్నది ఎవలు చెప్పిన్రు? మా అమ్మ పగటీలి తినేది. దీపం నేను పెట్టిన. ఈ పూట తిను, పొద్దుమూకి తినకు. లెక్క సరిపోయె."

ఆమె బూట్ల దారాలు కట్టుకుంటూ నన్ను చూసి నవ్వింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "నేను మొక్కింది సంధ్య దీపానికి. నువ్వు పొద్దున్నే దీపం పెట్టి సాయంత్రమైందంటే అమ్మవారు నమ్ముతదా? ఆమె జీతాల లెక్క నాకన్న మంచిగ చూస్తది" అని మాత్ర ఒకటి నీళ్ళతో మింగింది. మాత్ర తిండి కాదట. నేను పెరుగన్నం డబ్బాలో పెట్టి మూత బిగించి నా సంచిలో వేసుకున్నాను. విసురుగా వేశాను, ఆమెకు వినబడాలనే.

కార్నిష్ మీద జనం జాతరలా ఉన్నారు. అన్ని దేశాల వాళ్ళు, అన్ని రంగుల నిక్కర్లు, అందరి కాళ్ళకూ ఈ నొప్పుల మందు వాసనే. సారూ నేనూ ఒక నీళ్ళ బల్ల పక్కన నిలబడ్డాం. పోయేవాళ్ళు, తిరిగి వచ్చేవాళ్ళు అక్కడి నుంచే దాటాలి. పోయేటప్పుడు వసుంధరమ్మ చెయ్యి ఊపుకుంటూ పోయింది. ముఖం ఎర్రగా ఉంది. సారు చప్పట్లు కొట్టాడు. "చూసినవా రాజవ్వా, గుర్రం లెక్క పోతుంది. నేనే ఉత్తగ భయపడుత" అన్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను అరుదుగా చూశాను. నా నాలుక చివర దాకా మాట వచ్చింది. కానీ నీ నొప్పి నువ్వే చెప్పుకోవాలని నాకు నేర్పింది ఆమే కదా, ఆమె నొప్పి నేనెట్లా చెప్పేది అని ఆగాను. ఆమె నేర్పిన మాట ఆమె మీదే నాకు అడ్డం పడింది. అదొక చికాకు.

ఎండ ఎక్కింది. ముసలివాళ్ళు కూడా తిరిగి వచ్చి దాటిపోతున్నారు. ఈమె రాలేదు. సారు చేతి గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత దూరంగా కనబడింది, నడుస్తోంది. నడక కూడా కాదు, కాళ్ళను ఒకదాని తర్వాత ఒకటి బతిమాలుకుంటూ వస్తోంది. మా ముందుకు వచ్చేసరికి పేవ్‌మెంటు అంచు పట్టుకొని నెమ్మదిగా కూర్చుండిపోయింది. పడలేదు, కూర్చుంది. అది కూడా లెక్క పెట్టుకునే చేసిందని నా అనుమానం.

"వసూ, ఏమైంది" అని సారు ఆమె ముందు వంగాడు.

"నాకేం గాలే. బూటు దారం ఊడింది."

దారం బిగుతుగానే ఉంది. ఇద్దరమూ చూశాం.

నీళ్ళ బల్ల దగ్గర ఒక నర్సు పిల్ల ఉంది. తలకు గుడ్డ చుట్టుకుంది, మాట వింటే హైదరాబాదు పాతబస్తీ పిల్ల. వచ్చి మోకాళ్ళ మీద కూర్చొని, "క్యా ఖాయే ఆపా సుబహ్?" అంది. పొద్దున ఏం తిన్నావని. వసుంధరమ్మ బూటు దారం సర్దుకుంటూ కూర్చుంది. నేను ఇక పట్టలేక, "కుచ్ నహీ ఖాయీ. ఉపాస్ హై" అన్నాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. "రోజా రఖ్‌కే దౌడ్ రయే?" అంది, ఉపవాసముండి ఉరుకుతున్నావా అని. నుదుటి మీద చెయ్యి వేయబోతే ఈమె తల పక్కకు తిప్పుకుంది. నేను డబ్బా మూత తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె మూత మళ్ళీ పెట్టింది. నేను తీశాను. ఆమె పెట్టింది. పక్కనుంచి పోయే తెల్లాయన ఒకడు మమ్మల్ని చూసి ఇదేదో ఆట అనుకున్నట్టు చెయ్యి ఊపాడు.

నర్సు పిల్ల మెల్లగా అంది, "ఆపా, బీమార్ కో మాఫ్ హై. హమారే మే భీ హై, ఆప్‌కే మే భీ హోంగా. ఆప్ బీమార్ హై తో బోల్ దో, ఖాలో." జబ్బు చేసినవాళ్ళకు ఉపవాసం మాఫీ. మా దాంట్లో ఉంది, మీ దాంట్లోనూ ఉండే ఉంటుంది. జబ్బుగా ఉంటే ఉందని చెప్పు, తిను. అంతే ఆ పిల్ల అన్నది.

నాకు అప్పుడు అర్థమైంది ఆమె ఎక్కడ చిక్కుకుందో. జబ్బు లేదంటే తినకూడదు. తినాలంటే జబ్బు ఉందని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే పక్కనే సారు. మొగుడికి "నాకేం గాలే" అని ఎన్నేళ్ళైనా చెప్పగలదు. అమ్మవారికి చెప్పడం ఆమెకు చేతకాదు. ఒళ్ళో డబ్బా వైపు చూసింది, సముద్రం వైపు చూసింది. చాలాసేపు సారు ముఖం మాత్రం చూడలేదు.

"నా పాణం మంచిగ లేదు" అంది చివరికి. గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, ఇన్నేళ్ళలో ఆమెది అలాంటి గొంతు నేను వినలేదు. "బుధవారం కాంచి జ్వరం ఉన్నది. మాత్రలేసుకుంటున్న. కండ్లు తిరుగుతున్నయి. కాళ్ళు నా మాట వింటలేవు."

నేను సారు ముఖం చూడలేక డబ్బా మూత చూస్తూ నిలబడ్డాను.  ఆయన ఆమె పక్కన, ఆ పేవ్‌మెంటు మీదే, ఇస్త్రీ ప్యాంటుతో కూర్చున్నాడు. ఆమె రెండు ముద్దలు తిన్నది. మూడో ముద్దకు కళ్ళనీళ్ళు కారాయి గానీ తినడం ఆపలేదు. మా కారు దాకా తీసుకుపోవడానికి నర్సు పిల్ల బండిని పిలిపించింది. "మిగిలింది నడిచి పోనా" అని ఈమె అడిగింది చూడండి, ఆ స్థితిలో. ముగ్గురమూ ఒకేసారి వద్దన్నాం.

ఇంటిదాకా సారు ఏసీ వెయ్యకుండానే కారు నడిపాడు. ఆమె కిటికీ వైపు తిరిగి ఉంది. ఆ ఒక్క గంటా పోయిందని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. మరుసటి రోజంతా జ్వరంతో పడుకుంది. సాయంత్రం నేను జావ పట్టుకుపోతే సారు మంచం దగ్గర కుర్చీలో ఉన్నాడు. నన్ను వెళ్ళిపొమ్మనలేదు కాబట్టి నిలబడ్డాను.

"బూట్లు ఎవలికన్న ఇచ్చెయ్యుమని రాజవ్వకు చెప్పు" అంది ఆమె, గోడ వైపు తిరిగి.

"ఎందుకు?"

"నువ్వే గదా అన్నవ్."

సారు కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు. "పడ్డవని ఫోన్ వస్తే బంద్ అన్న. నాకు ఫోన్ రాలే. నువ్వే నా ముంగట చెప్పినవ్. వసూ, నీ పరుగంటే నాకు భయం లేదు. నువ్వు నాకేం గాలే అంటవు చూడు, గా మాటంటే భయం. లిఫ్టుల పడ్డ రోజు పొద్దున గూడ గదే మాట చెప్పి పోయినవ్. గది బంద్ చెయ్. ఉరుకుతవో, నడుస్తవో, నీ ఇష్టం."

ఆమె గోడ వైపు నుంచి తిరగలేదు. జావ చల్లారిపోతోందని నేనే గట్టిగా అనాల్సి వచ్చింది.

ఇక్కడితో నా చికాకు తీరిందనుకునేరు. ఆ తర్వాతే అసలు చికాకు. మునుపు ఏదీ చెప్పని మనిషి ఇప్పుడు అన్నీ చెప్పడం మొదలుపెట్టింది. చిటికెన వేలు దురద పెడితే సారు ఆఫీసుకు ఫోన్. మెడ పట్టేస్తే ఫోన్. ఒకసారి సారు ముదీర్‌తో, అంటే వాళ్ళ పెద్ద మేనేజరుతో, మీటింగులో ఉంటే "నాకు ఎక్కిళ్ళు వస్తున్నయి, చెప్పమన్నవ్ గదా" అని చేసిందట. ఆయన ఇంటికొచ్చి నా ముందు చేతులు జోడించాడు, "నువ్వన్న చెప్పు రాజవ్వా, జరంత తగ్గించమను" అని. ఒక్కపొద్దును గురువారానికి మార్చుకుంది. ఎవరినీ అడగలేదు, అమ్మవారితో తనే మాట్లాడుకుందట. అమ్మవారికి కూడా దుబాయ్ సెలవులు అలవాటైనట్టున్నాయి, ఏమీ అనలేదు. మరుసటేడు చలికాలంలో మళ్ళీ పందెం ఉరికింది, కడుపునిండా తిని. చివరిదాకా పోయింది. అందరికంటే వెనకే అనుకోండి. ఆ తర్వాత వాళ్ళు అల్ ఐన్‌కు మారిపోయారు. మేము ఊరికి వచ్చేశాం.

మొన్న మా మరిది కొడుకు గృహప్రవేశంలో వంట బాధ్యత నా మీద పడింది. ఇంటినిండా చుట్టాలు, అవతల పంతులు తొందర పెడుతున్నాడు. పెద్ద గంజులో పప్పు కలుపుతుంటే నడుములో ఏదో పట్టేసి, కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. నా చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఏమనుకుంటారో నాకు తెలుసు. అయినా గరిటె తోడికోడలి చేతికిచ్చి, అందరూ చూస్తుండగా ఆ నేల మీదే కూర్చొని, "నాకు చాతనైతలేదు, ఎవలన్న చూసుకోండి" అన్నాను.  మా తోడికోడలు ముఖం చిట్లించింది. తర్వాత ఎవరో నీళ్ళిచ్చారు, ఎవరో పొయ్యి మంట తగ్గించారు, ఎవరో నా వీపు వెనక దిండు పెట్టారు. పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైంది, అంతే. ఇంకో సంగతి చెప్పనా, ఆ రాత్రి భోజనాలయ్యాక మా తోడికోడలు నా పక్కన వచ్చి కూర్చొని, ఎవరికీ చెప్పలేదుగానీ తన మోకాలు ఆర్నెల్లుగా పీకుతోందని చెప్పింది. తెల్లారే దవాఖానకు తోలుకపోయాను. డాక్టరు ముందు నేను నోరు మెదపలేదు. ఆమెనే చెప్పుకోమన్నాను. ఆమె నన్ను లోపల తిట్టుకునే ఉంటుంది. తిట్టుకోనీ.

సరే, మీకు ఆలస్యమవుతోంది, లేవండి. మీ ఇంట్లో ఎవరికి ఏ నొప్పి వచ్చినా అది నోటిదాకా వచ్చి ఆగిపోకుండు గాక. చెప్పేవాళ్ళకు ధైర్యం, వినేవాళ్ళకు ఓపిక ఉండు గాక. మీ పొయ్యి మీద ఎసరు, మీ ఇంటివాళ్ళ ఒంట్లో సత్తువ, ఎప్పుడూ తరగకుండు గాక.